సారోపాడ్‌లు: పొడవాటి మెడల రాక్షసబల్లులు

సారోపాడ్‌లు అనేవి పొడవైన మెడ, దానికి దీటైన తోక, స్తంభాల వంటి నాలుగు కాళ్లు, దేహంతో పోలిస్తే మరీ చిన్నదైన తల గల శాకాహార డైనోసార్లు. తెలుగులో రాక్షసబల్లులని వ్యవహరించే డైనోసార్లలోనే కాక, నేల మీద నడిచిన జంతువులన్నింటిలోనూ అతి భారీవి ఈ వర్గానివే. ట్రయాసిక్ యుగం ముగింపు ప్రాంతంలో, అంటే ఇప్పటికి 20 కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో, రెండు కాళ్ల మీద కూడా నడవగలిగిన చిన్నపాటి పూర్వీకుల నుంచి ఇవి రూపొందాయి. జురాసిక్ యుగంలో ఖండాలన్నింటికీ వ్యాపించి, క్రెటేషియస్ యుగం ముగిసేదాకా, అంటే 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం వరకు నిలిచాయి. అంటార్కిటికాతో సహా ప్రతి ఖండంలోనూ వీటి శిలాజాలు దొరికాయి. ‘బల్లి పాదం గలవి’ అనే అర్థం వచ్చే గ్రీకు మాటలతో ‘సారోపాడ’ అన్న పేరును 1878లో అమెరికా పురాజీవ శాస్త్రజ్ఞుడు ఓత్నియల్ చార్లెస్ మార్ష్ పెట్టాడు. వీటి పాదం నిజానికి బల్లి పాదం కంటే ఏనుగు పాదానికే దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ పేరు అంత అతికినట్లు ఉండదు గాని, అదే స్థిరపడిపోయింది.

బాగా ఎదిగిన మగ ఏనుగు బరువు సుమారు 6 టన్నులు. అర్జెంటీనాలోని చుబుట్ రాష్ట్రంలో దొరికి 2017లో పేరు పొందిన పటగోటైటన్ పొడవు 37 మీటర్లు ఉంటుందనీ, బరువు 50 నుంచి 70 టన్నుల మధ్య ఉంటుందనీ అంచనా. అంటే పది ఏనుగుల పెట్టు. సారోపాడ్‌లపై శాస్త్రజ్ఞులకూ సామాన్యులకూ ఉన్న ఆకర్షణ ఈ అంకెలతోనే మొదలవుతుంది గాని అంకెలతో ఆగదు. ఇంత దేహం ఏమి తిని పెరిగింది, అంత పొడవు మెడ చివరనున్న తలకు ఊపిరీ నెత్తురూ ఎలా అందాయి, ఆ మెడ తన బరువుకు తానే ఎందుకు విరిగిపోలేదు అన్న ప్రశ్నలు ఒకదాని నుంచి ఒకటి పుట్టుకొస్తాయి. వాటికి దొరికిన సమాధానాలను కలిపి చూస్తే, పొడవాటి మెడ ఒంటరిగా ఏర్పడిన వింత కాదనీ, నమలని నోరు, తేలికైన తల, గాలి నిండిన ఎముక, గుడ్లు పెట్టి వదిలేసే సంతాన పద్ధతి వంటి అనేక లక్షణాలు కలిసివచ్చినందువల్లనే సాధ్యమైందనీ తెలుస్తుంది. ఆ లక్షణాలన్నీ ఒక్కసారిగా రాలేదు. అవి ఒకదాని వెనుక ఒకటి వచ్చిన క్రమంలో తొలి మెట్లను చూపే ఎముకలు ప్రపంచంలో కొద్ది చోట్ల మాత్రమే దొరికాయి. అలాంటి చోట్లలో ప్రాణహిత–గోదావరి లోయ ఒకటి.

మెడ నిర్మాణం

మనిషికైనా ఎలుకకైనా జిరాఫీకైనా మెడలో ఉండే వెన్నుపూసలు ఏడే. జిరాఫీ మెడ పొడవు సుమారు రెండు మీటర్లకు పైగా ఉన్నదంటే, ఆ ఏడు పూసలూ ఒక్కొక్కటి సాగి పెరగడమే కారణం. సారోపాడ్‌లకు ఈ హద్దు లేదు. అవి పూసల సంఖ్యనూ పెంచుకున్నాయి, ఒక్కొక్క పూస పొడవునూ పెంచుకున్నాయి. జిరాఫటైటన్‌కు మెడలో 13 పూసలు, డిప్లొడోకస్‌కు 15 పూసలు ఉండగా, చైనాలో దొరికిన మమెంకిసారస్ జాతులకు 18 లేదా 19 పూసలు ఉన్నాయి. మమెంకిసారస్ జాతులలో ఒకదాని మెడ సుమారు 15 మీటర్లు ఉండేదని 2023లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. అది అయిదంతస్తుల మేడ ఎత్తుకు సమానం. ఆ మెడ పూసల నుంచి వెనుకకు సాగిన సన్నని పక్కటెముకలు కూడా నాలుగు మీటర్లు దాటి ఉన్నాయి. ఇవి గట్టిపడి ఎముకగా మారిన స్నాయుబంధాలనీ, మెడను కదిలించే బరువైన కండరాలను మెడ మొదట్లోనే, మొండెం దగ్గర ఉంచుకొని, వాటి లాగుడు శక్తిని దూరానికి చేరవేసే తాళ్లలా పనిచేశాయనీ భావిస్తున్నారు.

అన్నింటికంటే ముఖ్యమైన ఏర్పాటు గాలి. పక్షుల ఊపిరితిత్తులకు అనుబంధంగా ‘గాలితిత్తులు’ అనే పలుచని సంచులు ఉంటాయి. వాటి శాఖలు ఎముకలలోకి చొచ్చుకుపోయి లోపలి భాగాన్ని గుల్ల చేస్తాయి. కోడి రెక్క ఎముకను విరిచి చూసినవారికి ఆ బోలుతనం తెలిసిందే. సారోపాడ్ మెడ పూసలను అడ్డంగా కోసి చూస్తే, తేనెపట్టును తలపించే గదులూ పలుచని గోడలూ కనిపిస్తాయి. కొన్ని జాతులలో పూస పరిమాణంలో సగానికి పైగా గాలే ఉండేది. ఎముకపై ఉన్న ఆ గుంటల, రంధ్రాల తీరు పక్షి ఎముకలలో గాలితిత్తులు చేసే గుర్తులను పోలి ఉన్నందున, సారోపాడ్‌లకూ పక్షుల తరహా శ్వాసక్రియ ఉండేదని శాస్త్రజ్ఞులు నిర్ధారణకు వచ్చారు. దీనివల్ల రెండు మేళ్లు కలిగాయి. మెడ బరువు తగ్గడం మొదటిది. గాలి ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో సాగిపోవడం రెండోది. క్షీరదాలలో లోనికి పీల్చిన గాలే వచ్చిన దారిన వెనుదిరగాలి కాబట్టి, పది మీటర్ల శ్వాసనాళం ఉన్న జంతువు ఊపిరి తీసినప్పుడల్లా తాను వదిలిన పాత గాలినే మళ్లీ పీల్చే ప్రమాదం ఉంటుంది. గాలితిత్తుల ఏర్పాటు ఉన్న దేహంలో ప్రతి శ్వాసకూ మార్పిడయ్యే గాలి ఎక్కువ కనుక ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఇంత పొడవైన మెడను జంతువు ఎలా పట్టుకొనేదన్న విషయంలో మాత్రం వాదం తెగలేదు. పూసల కీళ్లను కంప్యూటర్ నమూనాలతో కూర్చి చూసిన కెంట్ స్టీవెన్స్, మైకేల్ ప్యారిష్ 1999లో డిప్లొడోకస్, అపటోసారస్‌ల మెడలు నేలకు దాదాపు సమాంతరంగా ఉండేవని ప్రతిపాదించారు. బతికి ఉన్న జంతువులలో పూసల మధ్య మృదులాస్థి ఉంటుందనీ, నేలమీది వెన్నెముక గల జీవులలో ఎక్కువ భాగం మెడను సహజంగా పైకెత్తే ఉంచుతాయనీ గుర్తుచేస్తూ మైక్ టేలర్, మ్యాట్ వెడెల్, డారెన్ నేయిష్ 2009లో దీన్ని తోసిపుచ్చారు. మెడ పైకెత్తితే నెత్తురును అంత ఎత్తుకు ఎగదోయడానికి గుండె మీద పడే భారం అపారమన్నది మొదటి పక్షానికి బలమిచ్చే అంశం. జిరాఫీ రక్తపోటే మనిషి రక్తపోటుకు రెట్టింపు ఉంటుంది. ఎనిమిది పది మీటర్ల ఎత్తుకైతే అంతకు మరెన్నో రెట్లు కావాలి. ఎముక మిగిలినట్లు గుండె శిలాజంగా మిగలదు కాబట్టి ఈ చిక్కు తేలికగా విడిపోయేది కాదు. అన్ని జాతులకూ ఒకే భంగిమ అంటగట్టడం సరికాదన్నది మాత్రం చాలామంది ఒప్పుకొనే మాట. ముందుకాళ్లు వెనుకకాళ్ల కంటే పొడవుగా ఉన్న జిరాఫటైటన్ మెడ పైకి లేచే ఉండగా, నడుము ఎత్తుగా ఉన్న డిప్లొడోకస్ మెడ మరింత చదునుగా సాగి ఉండవచ్చు.

మేత, జీర్ణక్రియ

పొడవైన మెడ వల్ల జంతువు నిలుచున్న చోటు నుంచి కదలకుండానే చుట్టుపక్కల విశాలమైన మేరను మేయగలుగుతుంది. భారీ దేహాన్ని అడుగడుగునా మోయవలసిన పని తప్పడం పెద్ద ఆదా. అయితే ఆ మెడ చివర బరువైన తల ఉంటే ఈ లాభమంతా పోతుంది. ఏనుగు తల పెద్దదిగా ఉండడానికి ఒక ముఖ్య కారణం అది నమలడమే. నమలడానికి వెడల్పాటి దంతాలూ, వాటిని నడిపే దవడ కండరాలూ కావాలి. సారోపాడ్‌లు నమలవు. ఆకులను దువ్వి, కొరికి, తుంచి అలాగే మింగేస్తాయి. మేతను నలగ్గొట్టే పనినంతా పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులకు వదిలేసి, రోజుల తరబడి అక్కడే పులియబెట్టి జీర్ణం చేసుకుంటాయి. కోళ్లు కందనకాయలో గులకరాళ్లు ఉంచుకొని గింజను నలిపినట్లు ఇవీ రాళ్లు మింగేవని ఒకప్పుడు అనుకున్నారు. కాని అస్థిపంజరాల దగ్గర దొరికిన రాళ్లు అందుకు చాలినన్ని లేవనీ, అరిగిన తీరూ అలా లేదనీ తర్వాత తేలింది.

తుంచే పనిలో పళ్లు త్వరగా అరిగిపోయేవి గనుక వాటి స్థానంలో కొత్తవి నిరంతరం వస్తుండేవి. పంటిలోని సన్నని వలయాలను లెక్కించి, కామరసారస్‌కు సుమారు 62 రోజులకు, డిప్లొడోకస్‌కు సుమారు 35 రోజులకు ఒక్కొక్క పన్ను మారేదని నిర్ణయించారు. ఆఫ్రికాలోని నైజర్ దేశంలో దొరికిన నైజర్‌సారస్‌కు ఆ గడువు దాదాపు 14 రోజులే. ఆస్ట్రేలియాలో దొరికిన డయమంటినాసారస్ అస్థిపంజరంలో, పొట్ట ఉండవలసిన చోట గట్టిపడి మిగిలిన మేతను 2025లో వర్ణించారు. సూదిమొన ఆకుల చెట్ల భాగాలు, విత్తన ఫెర్న్‌ల కాయలు, పూల మొక్కల ఆకులు దాదాపు నమలని స్థితిలోనే అందులో ఉండడంతో, అంతవరకు దంతాలను బట్టీ దవడలను బట్టీ చేసిన ఊహకు నేరుగా సాక్ష్యం దొరికినట్లయింది.

నీటిలో తేలుతూ బతికేవన్న నమ్మకం

పందొమ్మిదో శతాబ్ది చివర నుంచి చాలాకాలం పాటు సారోపాడ్‌లను సరస్సులలో మునిగి, మెడ మాత్రం పైకి పెట్టి ఊపిరి పీల్చుకొనే మందకొడి జీవులుగా చిత్రించారు. ఇంత బరువును నేల మీద కాళ్లు మోయలేవన్నది దానికి ఆధారం. అయితే అయిదారు మీటర్ల లోతున ఛాతీ మీద పడే నీటి ఒత్తిడికి ఊపిరితిత్తులు విప్పారవని 1951లో కెన్నెత్ కెర్మాక్ చూపాడు. ఆ తర్వాత 1970లలో రాబర్ట్ బాకర్ మొదలైనవారు లోతైన సన్నని ఛాతీ, నిటారు కాళ్లు, ఇరుకైన పాదాలు నేల జంతువు లక్షణాలని వాదించి నిలబెట్టారు. 1938లో టెక్సాస్‌లోని పలుక్సీ నది గర్భంలో రోలండ్ బర్డ్ గుర్తించిన అడుగుజాడలు కూడా ఇవి నాలుగు కాళ్లపై, తోక నేలకు ఈడ్వకుండా నడిచాయని చూపాయి. అనేక చోట్ల ఒకే దిశగా సాగిన జాడల వరుసలను బట్టి కొన్ని జాతులు మందలుగా కదిలేవని కూడా తెలుస్తున్నది.

పెరుగుదల, సంతానం

గుడ్డు నుంచి వచ్చినప్పుడు సారోపాడ్ పిల్ల కొన్ని కిలోల బరువు మాత్రమే ఉండేది. అతి పెద్ద జాతులలో సైతం గుడ్డు వ్యాసం సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లకు మించదు. గుడ్డు ఇంకా పెద్దదైతే పెంకు మందం కావాలి, పెంకు మందమైతే లోపలి పిండానికి గాలి ఆడదు. కొన్ని కిలోల పిల్ల అనేక టన్నుల జంతువుగా ఎదగాలంటే వేగంగా పెరగక తప్పదు. ఎముకను పలుచని పొరగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నెత్తుటి నాళాలు దట్టంగా అల్లుకున్న కణజాలం కనిపిస్తుంది. ఇది నేటి క్షీరదాలలో, పక్షులలో వేగంగా పెరిగే దశలో కనిపించేదే. చాలా జాతులు రెండు మూడు దశాబ్దాలలో పూర్తి ఎదుగుదలను అందుకున్నట్లు పెరుగుదల గీతలు తెలుపుతున్నాయి. పంటి ఎనామెల్‌లోని ఐసోటోపుల బంధాలను కొలిచి, బ్రాకియోసారస్ వర్గానికీ కామరసారస్‌కూ దేహ ఉష్ణోగ్రత 36 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ ఉండేదని 2011లో అంచనా వేశారు. ఇది క్షీరదాల ఉష్ణోగ్రతకు సమానం.

గుడ్లు పెట్టడం భారీతనానికి పరోక్షంగా తోడ్పడిందని చెప్పే వాదన ప్రత్యేకించి గమనించదగ్గది. ఏనుగు 22 నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. అలాంటి జంతువు మరింత పెద్దదైతే సంతతి మరింత అరుదై, ఒక కరవో ఒక వరదో వస్తే జాతి కోలుకోవడమే కష్టమవుతుంది. సారోపాడ్ తల్లి ఒక్కో గూటిలో అనేక గుడ్లు పెట్టి, మట్టి కప్పి వదిలేసేది. పిల్లలు చాలావరకు చనిపోయినా, మిగిలినవి జాతిని నిలపడానికి సరిపోయేవి. కాబట్టి క్షీరదాలను ఆపిన హద్దు వీటిని ఆపలేదు.

ఆవిష్కరణల చరిత్ర

శాస్త్రలోకం మొదట గుర్తించిన సారోపాడ్ ఎముకలు ఇంగ్లండువి. 1841లో రిచర్డ్ ఓవెన్ వాటిని పెద్ద సముద్ర సరీసృపపు ఎముకలుగా భావించి ‘తిమింగల బల్లి’ అనే అర్థంలో సెటియోసారస్ అని పేరు పెట్టాడు. ఆ మరుసటి ఏడే డైనోసార్ అన్న మాటను సృష్టించినవాడు కూడా ఆయనే గాని, సెటియోసారస్‌ను ఆ వర్గంలో చేర్చలేదు. 1877 నుంచి అమెరికా పశ్చిమ ప్రాంతపు మోరిసన్ శిలలలో మార్ష్, ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ పోటాపోటీగా తవ్వించిన ఎముకలతోనే ఈ జంతువుల అసలు రూపం బయటపడింది. కామరసారస్, అపటోసారస్, డిప్లొడోకస్, బ్రాంటోసారస్ పేర్లన్నీ ఆ రెండు మూడేళ్లలో పుట్టినవే. తొందరలో పొరపాట్లూ దొర్లాయి. బ్రాంటోసారస్, అపటోసారస్ ఒకటేనని 1903లో ఎల్మర్ రిగ్స్ తేల్చగా, అవి వేరువేరేనని 2015లో మరో విస్తృత పరిశీలన వాదించింది. సారోపాడ్ పుర్రె మెడకు చాలా బలహీనంగా అతుక్కొని ఉండి, చనిపోయిన వెంటనే ఊడి కొట్టుకుపోయేది కనుక తలలేని అస్థిపంజరాలే ఎక్కువ. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో అపటోసారస్ అస్థిపంజరానికి తప్పుగా అమర్చిన తలను 1979లో గాని సరిచేయలేదు.

ఈ జంతువులు జనసామాన్యంలోకి రావడానికి కార్నెగీయే కారణమని చెప్పాలి. ఉక్కు వ్యాపారంలో సంపన్నుడైన ఆండ్రూ కార్నెగీ పేరిట 1901లో డిప్లొడోకస్ కార్నెగీ అని ఒక జాతికి నామకరణం జరిగింది. దాని బొమ్మను చూసిన బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ కోరగా, దాని ఎముకల ప్లాస్టర్ నకలును చేయించి 1905లో లండన్ మ్యూజియానికి ఇచ్చారు. బెర్లిన్, పారిస్, వియన్నా మొదలైన నగరాలకూ అలాంటి నకళ్లే వెళ్లాయి. నిజమైన ఎముకలతో నిలిపిన వాటిలో బెర్లిన్‌లోని జిరాఫటైటన్ అగ్రగణ్యం. నేటి టాంజానియాలోని టెండగురు కొండ దగ్గర 1909 నుంచి 1913 వరకు జర్మన్ బృందం తవ్వించగా స్థానిక ఆఫ్రికన్ కూలీలు వందలమంది తలపై మోసి రేవుకు చేర్చిన ఎముకలవి. 1937లో మొదట నిలిపిన ఆ అస్థిపంజరం నేడు 13 మీటర్లకు మించిన ఎత్తుతో సందర్శకులను నిలబెట్టేస్తుంది. ఆ కూలీల శ్రమకు మాత్రం దక్కవలసినంత గుర్తింపు చాలాకాలం దక్కలేదు.

ప్రాణహిత–గోదావరి లోయ

ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ సంగమానికి ఎగువన, నాటి ఆదిలాబాద్ జిల్లాలోనూ, నదికి ఆవల మహారాష్ట్రలోని సిరోంచ ప్రాంతంలోనూ గోండ్వానా శిలలు పొరలు పొరలుగా పరుచుకొని ఉన్నాయి. భూమి పగిలి కుంగిన పొడవాటి పల్లంలో కోట్ల ఏళ్ల పాటు నదులు తెచ్చి నింపిన ఇసుక, బంకమన్ను, సున్నపు మట్టి గట్టిపడి ఏర్పడినవే ఈ శిలలు. సింగరేణి బొగ్గు ఇదే శ్రేణిలోని పాత పొరలలోది. దాని పైన వచ్చే కొత్త పొరలలో సరీసృపాల శిలాజాలు ఉన్నాయి. భూగర్భ శాస్త్రంలో ప్రతి శిలాసముదాయానికీ అది చక్కగా కనిపించే ఊరి పేరు పెట్టడం ఆచారం. అందువల్ల ఎర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, కోట అనే ఈ ప్రాంతపు పల్లెల పేర్లు ప్రపంచ పురాజీవ శాస్త్ర గ్రంథాలలో నిలిచిపోయాయి.

ఈ లోయలో క్రమబద్ధమైన అన్వేషణ 1950ల చివర మొదలైంది. కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన పమేలా రాబిన్సన్ సహకారంతో 1957లో ఆ సంస్థలో భూగర్భ అధ్యయన విభాగాన్ని నెలకొల్పాడు. గణాంక శాస్త్ర సంస్థకు రాక్షసబల్లుల ఎముకలతో ఏమి పని అన్న సందేహం సహజం. కొలవగలిగిన ప్రతి ప్రకృతి విషయమూ గణాంకానికి చెందినదేనన్న దృష్టి మహలనోబిస్‌ది. ఆ విభాగం వారు సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర కోట శిలలలో భారీ ఎముకలను గుర్తించి, 1960, 1961లలో పెద్ద ఎత్తున తవ్వారు. చేనేత చీరలకు పేరుపొందిన భూదాన్ పోచంపల్లికీ ఈ ఊరికీ సంబంధం లేదు. కనీసం ఆరు జంతువులకు చెందిన సుమారు 300 ఎముకలు, వాటితోపాటు రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మొద్దులు అక్కడ బయటపడ్డాయి. వరదలో చెట్లూ కళేబరాలూ కలిసి కొట్టుకువచ్చి ఒకచోట మేటవేసినట్లు అది కనిపిస్తుంది.

తవ్వకంలో దొరికిన తొడ ఎముక ఒకటి 1.7 మీటర్ల పొడవుంది. అంటే ఎదిగిన మనిషి నిలువెత్తు. ‘పెద్ద కాలు’ అనే అర్థమిచ్చే దేశీయ పదాలతో బరపాసారస్ అనీ, తవ్వకం జరిగిన 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం కావడంతో టాగూరి అనీ కలిపి, సోహన్ లాల్ జైన్, తారావత్ కుట్టి, తపన్ రాయ్‌చౌధురి, శంకర్ చటర్జీ 1975లో ఆ జంతువుకు బరపాసారస్ టాగూరి అని నామకరణం చేశారు. లాటిన్, గ్రీకు మాటల మధ్య మన దేశపు వాడుక మాట ఒకటి ఇలా చేరడం ముచ్చటైన సంగతి. దాని అస్థిపంజరాన్ని కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియంలోనే నిలిపారు.

నదికి ఇవతల, తెలంగాణ వైపున దొరికినది కోటాసారస్. నాటి ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి దగ్గర సుమారు 2,400 చదరపు మీటర్ల మేరలో, కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకల భాగాలు 1970ల చివర భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారికి లభించాయి. ఆ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి శిలాసముదాయం పేరూ ఊరి పేరూ కలిపి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలిపి ఉంచిన అస్థిపంజరం దీనిదే. పాఠశాల విద్యార్థులు రోజూ దాని పక్క నుంచి నడిచిపోతుంటారు గాని, సారోపాడ్ వంశవృక్షపు మొదలు దగ్గర నిలిచే అతి కొద్ది జంతువులలో అదొకటన్న సంగతి తెలిసినవారు తక్కువ.

ఈ రెండు జంతువుల ప్రాముఖ్యం వాటి పరిమాణంలో లేదు. కోట శిలలను సాధారణంగా జురాసిక్ తొలి భాగానికి చెందినవిగా లెక్కిస్తారు. ఆ కాలపు సారోపాడ్‌లు ప్రపంచమంతటా అరుదు. కోటాసారస్ నాలుగు కాళ్ల మీద నడిచే నిజమైన సారోపాడ్ ఆకృతిని సంతరించుకున్నా, దాని కటి ఎముకలలోనూ తొడ ఎముకలోనూ పూర్వపు చిన్న జంతువుల గుర్తులు ఇంకా మిగిలి ఉన్నాయి. అందుకే దాన్ని సారోపాడ్‌లలో చేర్చాలా, వాటి అంచున నిలపాలా అన్న చర్చ సాగింది. బరపాసారస్ మరో అడుగు ముందుకు వేసింది గాని, దాని వెన్నుపూసల పక్కలనున్న గుంటలు ఇంకా లోతు తక్కువవే. తర్వాతి జాతులలో కనిపించే తేనెపట్టు గదులు దానికి ఏర్పడలేదు. అంటే స్తంభాల వంటి కాళ్లూ భారీ దేహమూ ముందు వచ్చాయి, ఎముక పూర్తిగా గుల్లబారడం తర్వాత జరిగింది. పదిహేను మీటర్ల మెడలకు దారి తెరుచుకున్న క్రమాన్ని ప్రాణహిత ఇరుగట్ల ఎముకలు ఇలా చూపుతున్నాయి.

అదే లోయలో ఇంకా కింది పొరలకు వెళితే కథ మరింత వెనుకకు పోతుంది. ట్రయాసిక్ కాలపు మాలేరి శిలల పై భాగంలో దొరికిన జక్లపల్లిసారస్, నంబాలియా 2011లో పేర్లు పొందాయి. ధర్మారం శిలలలోని లాంప్లూసారస్, ప్రధానియాలకు 2007లో పేర్లు పెట్టారు. ఇవన్నీ సారోపాడ్‌ల పూర్వీకులకు దగ్గరి బంధువులు. జక్లపల్లి, నంబాల ఊళ్ల పేర్లు కాగా, లాంప్లూసారస్ పేరు పమేలా లాంప్లూ రాబిన్సన్ స్మృతికి అంకితం. ఒకే నదీలోయలో కింది నుంచి పైకి పొరలను చదువుకుంటూ పోతే సారోపాడ్ దేహం రూపుదిద్దుకున్న తీరు వరుసగా కనిపించే చోట్లు లోకంలో ఎన్నో లేవు.

లమేటా శిలలు, చివరి సారోపాడ్‌లు

భారతదేశంలో కథ చివరి భాగం నర్మదా తీరంలోనూ మధ్య భారతంలోనూ ఉంది. దక్కన్ లావా పొరల అడుగున ఉండే లమేటా శిలలలో, జబల్‌పూర్ దగ్గర 1828లో విలియం స్లీమన్ కొన్ని ఎముకలు ఏరాడు. థగ్గుల అణచివేతతో చరిత్రకెక్కిన అధికారి ఇతడే. ఆసియాలో దొరికిన తొలి డైనోసార్ ఎముకలవి. అప్పటికి డైనోసార్ అన్న మాటే పుట్టలేదు. వాటిలోని తోక పూసల ఆధారంగా 1877లో రిచర్డ్ లిడెక్కర్ టైటనోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. ఆ ఎముకలు జాతిని నిర్ణయించడానికి చాలవని నేటి శాస్త్రజ్ఞులు తేల్చినా, క్రెటేషియస్ సారోపాడ్‌లలో అతి పెద్ద శాఖ టైటనోసార్ అన్న పేరుతోనే ప్రపంచమంతటా చలామణి అవుతున్నది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా డోంగర్‌గావ్‌లో దొరికిన ఇసిసారస్, సోహన్ లాల్ జైన్ పేరు మీదుగా వచ్చిన జైనోసారస్ ఈ శాఖవే.

లమేటా శిలలు ఎముకల కంటే గుడ్లకు ఎక్కువ ప్రసిద్ధి. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 92 గూళ్లూ 256 గుడ్లూ గుర్తించినట్లు హర్ష ధీమన్, గుంటుపల్లి వి. ఆర్. ప్రసాద్ తదితరులు 2023లో ప్రకటించారు. గూళ్లు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉండడాన్ని బట్టి తల్లులు గుడ్ల మధ్య తిరిగే వీలు లేదనీ, పెట్టిన తర్వాత వదిలి వెళ్లేవనీ వారు భావించారు. అలా వదిలేసిన పిల్లలకు ఎదురైన అపాయానికి గుజరాత్‌లోని ధోలి డుంగ్రి సాక్ష్యమిస్తున్నది. ధనంజయ్ మోహబే అక్కడ కనుగొన్న ఒక రాతిపలకలో, అప్పుడే పొదగబడిన సారోపాడ్ పిల్ల పక్కన, పగిలిన గుడ్డు చుట్టూ చుట్టుకొని, సుమారు 3.5 మీటర్ల పాము ఉన్నది ఉన్నట్లే రాయిగా మారిపోయింది. 2010లో ఆ పాముకు సనాజే ఇండికస్ అని పేరు పెట్టారు. చంద్రపూర్ జిల్లాలోని పిస్దురలో దొరికిన, టైటనోసార్‌లవని భావించే పేడ శిలాజాలలో గడ్డి మొక్కల సిలికా రేణువులు ఉన్నట్లు 2005లో వందనా ప్రసాద్ మొదలైనవారు చూపారు. వాటిలో వరి తెగకు చెందినవీ ఉన్నాయి. డైనోసార్లు గడ్డిని ఎరుగవన్న పాత అభిప్రాయం దానితో చెల్లిపోయింది.

తమిళనాడులోని అరియలూరు ప్రాంతపు కల్లమేడు దగ్గర యాదగిరి, అయ్యసామి కనుగొని 1980లలో వర్ణించిన బృహత్కాయోసారస్ ఉదంతం శిలాజాలు ఎంత సున్నితమైనవో చెబుతుంది. సంస్కృతంలోని బృహత్కాయం నుంచి పుట్టిన పేరది. దాని వెనుకకాలిలో మోకాలి కింది ఎముక పొడవు రెండు మీటర్లు. ఆ కొలత నిజమైతే లోకంలోని అతి పెద్ద సారోపాడ్‌ల సరసన అది నిలుస్తుంది. కాని రాయిలో సరిగా గట్టిపడని ఆ ఎముకలు వానలకు నాని, పొడిపొడిగా రాలిపోయాయి. వాటిని గురించి నేడు జరుగుతున్న చర్చ అంతా అప్పటి కొలతలు, గీతచిత్రాలు, తవ్వకం చోట తీసిన కొన్ని ఫోటోల మీదనే నడుస్తున్నది. ఎముకలు చెడిపోని చోట కూడా లోటు మిగులుతుంది. కోట శిలలలోని బరపాసారస్, కోటాసారస్‌లకు ఎముకలు దండిగా దొరికాయి గాని పుర్రె దొరకలేదు. వాటి తలను గురించి తెలిసినదల్లా విడివిడిగా లభించిన కొద్దిపాటి పళ్ల నుంచి తెలిసినదే.